పెళ్లి కార్డులు, పాత గాజులతో ఇంట్లోనే నగలు.. కత్తెర పట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి!

హైదరాబాద్, జూబ్లీహిల్స్: తులం బంగారం మాట ఎత్తాలంటేనే గుండె ఝల్లుమనే రోజులివి. 2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల మేలిమి బంగారం ధర తొలిసారి లక్ష రూపాయలను తాకింది. పాపకు స్కూల్ యాన్యువల్ డే డ్యాన్స్ ఉందన్నా, చెల్లెలి సీమంతం ఉందన్నా ఇమిటేషన్ సెట్ కొనాలా, అద్దెకు తేవాలా అని లెక్కలు మొదలవుతాయి.

కానీ అదే ఇంట్లో బీరువా పైన గుట్టగా పడున్న శుభలేఖలు, సైజు చాలక పక్కన పెట్టేసిన గాజులు, చిరిగిన చీరల అంచులు, ఆన్‌లైన్ డెలివరీ డబ్బాలు.. ఇవన్నీ ఏమవుతున్నాయి? చెత్త ఆటో ఎక్కుతున్నాయి. వీటితో చూడచక్కని నగలు చేసుకోవచ్చు. ఎలాగో స్టెప్ బై స్టెప్ చూద్దాం. అయితే అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. ఏది కత్తిరించాలో తెలియడం ఎంత అవసరమో, ఏది కత్తిరించకూడదో తెలియడం అంతకంటే అవసరం. ఈ పాఠం మన సినిమా చరిత్రలోనే ఉంది!

తెర మీద మెరిసేదంతా బంగారం కాదు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్.. తెలుగు సినిమా అడ్రస్ ఇదే. కృష్ణానగర్ వైపు వెళ్తే కిరీటాలు, వడ్డాణాలు, కంఠాభరణాలు అద్దెకిచ్చే కాస్ట్యూమ్ షాపులు కనిపిస్తాయి. రాజుగారి కిరీటమైనా, దేవత మెడలో హారమైనా ఎక్కువగా గిల్టు, అట్ట, రంగు రాళ్ల పనితనమే.

పెద్ద సినిమాల్లోనూ అంతే. 'బాహుబలి 2' నగలను జైపూర్‌కు చెందిన ఆమ్రపాలి సంస్థ తయారు చేసింది. అవి వెండి మీద బంగారు పూత వేసిన నగలు. మాహిష్మతి మహారాణి దర్పానికి పూత సరిపోయింది!

మనకు ఇది కొత్త సంగతేం కాదు. మచిలీపట్నం పక్కనే చిలకలపూడి ఉంది. 'చిలకలపూడి బంగారం' అంటే రోల్డ్ గోల్డ్ అని తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక చార్మినార్ పక్కన లాడ్ బజార్ గాజుల సంగతి సరేసరి. లక్కను వేడి చేసి, గాజుగా చుట్టి, ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అంటే నగకు విలువ తెచ్చేది బంగారం ఒక్కటే కాదు, చేతి పని కూడా!

సినిమా నగల నుంచి ఇంట్లో చేసుకునేవాళ్లు నేర్చుకోవాల్సినవి మూడున్నాయి.

ఒకటి, బరువు. గంటల తరబడి డ్యాన్స్ చేయాలంటే నగ తేలిగ్గా ఉండాలి. అట్ట, కాగితం, దారం ఇందుకే బెస్ట్.

రెండు, దూరం. స్టేజీ మీద నగను చూసేవాళ్లు పదడుగుల అవతల ఉంటారు. అక్కడికి సన్నని నగిషీ కనిపించదు. ఆకారం పెద్దగా, రంగు స్పష్టంగా ఉంటే చాలు.

మూడు, మెరుపు. లైట్ పడగానే ఫెళ్లున మెరిసేది కెమెరాలో తెల్లటి మచ్చలా వస్తుంది. అందుకే షూటింగుల్లో మరీ మెరిసే వస్తువుల మీద డల్లింగ్ స్ప్రే కొడతారు. మీరు రీల్స్ చేసేవాళ్లయితే గ్లాసీ వార్నిష్ బదులు మ్యాట్ వార్నిష్ వాడండి. తేడా మీకే తెలుస్తుంది.

సినిమా రీలే గాజుగా మారింది!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత వస్తువుతో నగ చేయడం మంచిదే. కానీ ఆ 'పాత వస్తువు' ఏమిటన్నదే ప్రశ్న.

ఒకప్పుడు సినిమా ఆడేసిన తర్వాత ప్రింట్‌కు విలువ ఉండేది కాదు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతో. అందుకే పాత రీళ్లను కిలోల లెక్కన కొని, కడిగి వెండి తీసేవారు. మిగిలిన ప్లాస్టిక్ లాంటి పట్టీ ఏమయ్యేదో తెలుసా? గాజులు, ఆడవాళ్ల హ్యాండ్ బ్యాగుల తయారీకి వెళ్లేది. పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ను నిలబెట్టిన పీకే నాయర్ జీవితమంతా చెబుతూ వచ్చిన బాధ ఇదే.

నష్టం ఎంతంటే.. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రింట్ ఈరోజు లేదు. 1932లో హెచ్ఎం రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. తెలుగువాడి మాట తెర మీద తొలిసారి వినిపించిన సినిమాను మనం చూడలేం. ఆ సినిమాల రీళ్లన్నీ గాజులే అయ్యాయని కాదు. కొన్ని తగలబడ్డాయి, కొన్ని పాడైపోయాయి, కొన్ని వెండి కోసం పోయాయి. కారణమేదైనా 'ఇక దీంతో పనేముంది' అనుకోవడంతోనే కథ మొదలైంది.

చిన్న లెక్క చూడండి. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక అడుగుకు 16 ఫ్రేములుంటాయి. టూ సిక్స్ సైజు గాజు చుట్టూ ఒక్క చుట్టు రావాలంటే సుమారు ఏడున్నర అంగుళాల ఫిల్మ్ కావాలి. అంటే పది ఫ్రేములు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి, ఒక చుట్టుకు అర సెకను సినిమా కూడా పట్టదు. ఒక డజను గాజులకు ఐదు సెకన్ల సినిమా. ఐదు సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ ప్రపంచంలో మిగిలింది ఆ ఒక్క ప్రింటే అయితే?

దాచుకుంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1957 నాటి 'మాయాబజార్' ఫిల్మ్ భద్రంగా ఉండబట్టే 2010లో రంగుల్లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. శశిరేఖ నగలను రంగుల్లో చూశాం! అక్కినేని 'దేవదాసు' ప్రింట్‌ను బాగుచేసి, ఆయన శతజయంతి సందర్భంగా 2024లో గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శించారు.

ఇంట్లో కూడా ఇదే రూల్.. మూడు కుప్పలు పెట్టండి

నగల పని మొదలుపెట్టే ముందు ఇంట్లో పాత సామానంతా ముందేసుకుని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప: దాచాల్సినవి. అమ్మమ్మ పట్టుచీర అంచు కత్తిరించే ముందు జరీ చూడండి. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసింది. గోరుతో గీకితే లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే అది అసలు జరీ కావొచ్చు. 'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ వీధుల్లో తిరిగేవాళ్లు ఊరికే తిరగరు, అందులో వెండి కోసమే! అలాగే పాత ఫొటోలు, నెగెటివ్‌లు, చేత్తో రాసిన ఉత్తరాలు, నాణేలు.. వీటి జోలికి వెళ్లకండి. నగలో పెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే ఫొటో తీసి, ప్రింట్ వేసి ఆ కాపీ వాడండి.

రెండో కుప్ప: అమ్మాల్సినవి. న్యూస్ పేపర్లు, కూల్ డ్రింక్ క్యాన్లు, వాటర్ బాటిళ్లు. వీటిని పాత సామాన్ల వాళ్లు కొంటారు, అవి రీసైక్లింగ్‌కు వెళ్తాయి. అదే బాటిల్‌కు మీరు రంగు పూసి, గమ్ అంటించి, దారం చుట్టారనుకోండి.. ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసుకోరు. చివరికి డంప్ యార్డుకే పోతుంది.

మూడో కుప్ప: నగలకు పనికొచ్చేవి. ఎవరూ కొనరు, దాచినా లాభం లేదు, పారేయడానికి మనసొప్పదు. బంగారు రంగు ఫాయిల్ ఉన్న శుభలేఖలు, పాత ప్లాస్టిక్ గాజులు, సింథటిక్ చీరల అంచులు, ఊడిన గుండీలు, తెగిన గొలుసుల పూసలు, టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు. మన సరుకు ఇదే.

ఇప్పుడు తయారీలోకి వెళ్దాం.

1. పాత గాజులకు సిల్క్ థ్రెడ్ చుట్టు

కావాల్సినవి: రంగు పోయిన ప్లాస్టిక్ గాజులు, సిల్క్ థ్రెడ్, ఫ్యాబ్రిక్ గ్లూ, పాత నగల్లోంచి ఊడిన రాళ్లు లేదా కుందన్లు.

ముందుగా సైజు చూసుకోండి. దారం చుట్టాక గాజు లోపలి కొలత తగ్గుతుంది. మీరు టూ ఫోర్ వేసుకునేవాళ్లయితే టూ సిక్స్ గాజు తీసుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

15 నుంచి 20 పోగులు కలిపి ఒక దారంలా తీసుకోండి. గాజు లోపలి వైపు చుక్క గ్లూ పెట్టి కొస అంటించండి. పోగులు మెలిక పడకుండా, ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేలా చుట్టుకుంటూ రండి. మెలిక పడితే మెరుపు పోతుంది. చివరి కొస కూడా లోపలి వైపే అంటించండి. వెడల్పు గాజు కావాలంటే చుట్టడానికి ముందే రెండు మూడు గాజులను పక్కపక్కనే అతికించి, బాగా ఆరనివ్వండి.

రాళ్లు అతికించాక ఒక రోజు ముట్టుకోకండి. నీళ్లు తగిలితే ఈ గాజులు పాడవుతాయి కాబట్టి చేతులు కడుక్కునేటప్పుడు తీసేయడం మర్చిపోవద్దు.

2. శుభలేఖతో దుద్దులు

పెళ్లి కార్డు అట్ట మందంగా ఉంటుంది, పైన ఫాయిల్ ఎలాగూ ఉంటుంది. సగం పని ప్రింటింగ్ ప్రెస్ వాళ్లే చేసి పెట్టారన్నమాట!

మొదట దేవుడి బొమ్మ, పేర్లు, అడ్రస్ ఉన్న భాగాలను వేరు చేసి పక్కన పెట్టండి. అవి చెవులకు వేలాడటం ఎవరికీ నచ్చదు. డిజైన్ ఉన్న చోట సీసా మూత పెట్టి గుండ్రంగా గీసి, ఒక దుద్దుకు మూడు ముక్కల చొప్పున కత్తిరించండి. మూడింటినీ ఒకదాని మీద ఒకటి ఫెవికాల్‌తో అంటించి, లావుపాటి పుస్తకం కింద రాత్రంతా ఉంచండి. అలా చేస్తే వంకర పోదు.

అంచులను గోళ్ల రంగుతో లేదా అక్రిలిక్ రంగుతో మూసేయండి. ముందూ వెనకా రెండు కోట్లు వార్నిష్ వేయండి. పైభాగంలో సూదితో రంధ్రం చేసి హుక్ తగిలిస్తే సరి. గుడ్రంగానే ఉండాలని లేదు. మామిడి పిందె, ఆకు, నెలవంక.. ఏ ఆకారమైనా ఓకే.

3. కాగితపు పూసల హారం

కార్డు లోపలి పల్చటి కాగితం, మ్యాగజీన్ రంగుల పేజీలు దీనికి పనికొస్తాయి. అట్ట మాత్రం చుట్టుకోదు, దాన్ని దుద్దులకే ఉంచండి.

పేజీని పొడవాటి త్రిభుజాల్లా కత్తిరించండి. అడుగు భాగం 2 సెంటీమీటర్లు, పొడవు 25 సెంటీమీటర్లు ఉంటే మధ్యలో ఉబ్బి, చివర్లు సన్నగా చక్కటి పూస వస్తుంది. వెడల్పు వైపు నుంచి అగరుబత్తి పుల్ల మీద బిగుతుగా చుట్టి, చివరి కొసకు గమ్ రాసి అంటించండి. పుల్లను మెల్లగా లాగేయండి. రెండు కోట్లు వార్నిష్ వేసి ఆరబెట్టండి.

ఇదేదో టైంపాస్ పని అనుకోకండి. ఆఫ్రికాలోని ఉగాండాలో మహిళలు ఇదే కాగితపు పూసలతో హారాలు చేసి విదేశాలకు అమ్ముతున్నారు. ఎన్నో కుటుంబాలకు అదే ఆదాయం. పూసలన్నీ ఒకే సైజులో రావాలంటే త్రిభుజాలన్నీ ఒకే కొలతలో ఉండాలి. సీక్రెట్ అంతా అందులోనే ఉంది.

4. పాప డ్యాన్స్‌కు అట్ట వడ్డాణం

కూచిపూడి అనగానే సత్యభామ జడ గుర్తొస్తుంది కదా. జడబిళ్లలు, వంకీ, వడ్డాణం లేకుండా స్టేజీ మీద వేషం నిండదు. ఒక్క రోజు ప్రోగ్రామ్‌కు వేలు పెట్టలేం అనుకునేవాళ్లకు ఇది బెస్ట్.

డెలివరీ డబ్బా అట్టను చీల్చి చూస్తే లోపల అలలు అలలుగా గాళ్లుంటాయి. ఆ గాళ్లు నిలువుగా ఉండేలా 5 సెంటీమీటర్ల వెడల్పుతో పట్టీ కత్తిరించండి. అప్పుడే నడుము చుట్టూ విరగకుండా వంగుతుంది. గాళ్లు అడ్డంగా ఉంటే పట్టీ ఎక్కడికక్కడ మడత పడిపోతుంది.

పొడవు పాప నడుము కొలత కంటే 8 నుంచి 10 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. రెండు చివర్లకు రిబ్బన్ కుట్టి వెనక ముడి వేస్తే, డ్యాన్స్ చేసేటప్పుడు ఊపిరాడకుండా ఉండదు, జారిపోదు. అట్ట మీద చీర అంచు అంటించి, లోపలి వైపు మెత్తటి కాటన్ గుడ్డ వేయండి. మధ్యలో గుండీలు, పూసలతో ఒక బిళ్ల పెట్టండి. ఇదే పద్ధతిలో చిన్న ముక్కలతో వంకీలు, జడబిళ్లలు కూడా వచ్చేస్తాయి. మొత్తం సెట్ ఒక మొబైల్ ఫోన్ అంత బరువు కూడా అనిపించదు!

వీటితో మాత్రం ఆటలొద్దు

ఇంటర్నెట్‌లో కనిపించే ప్రతి ఐడియా ఇంట్లో చేయదగ్గది కాదు. ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

పాత ఫోన్లు, రిమోట్‌ల సర్క్యూట్ బోర్డులతో లాకెట్లు చేయొద్దు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటిని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

ప్లాస్టిక్‌ను మంట మీద పెట్టొద్దు. ముఖ్యంగా పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. ఏది పీవీసీ, ఏది కాదు అని చూసి చెప్పడం అందరి వల్లా కాదు. కాబట్టి మంట పనే వద్దు.

పగిలిన గాజు ముక్కలను దీపం మీద వంచి గొలుసులు, గుమ్మాలకు తోరణాలు చేయడం మన ఇళ్లలో పాత ముచ్చటే. కానీ అది పిల్లల పని కాదు. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా పెద్దవాళ్లు కూడా చేయకూడదు. పాత సీడీలను కత్తిరించడమూ అంతే, ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి.

చెవికి తగిలే హుక్ మాత్రం పాతది వాడొద్దు. చవక లోహాల్లో ఉండే నికెల్ చాలామందికి పడదు. దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. నికెల్ ఫ్రీ అని రాసి ఉన్నవి గానీ, వెండివి గానీ కొనుక్కోండి. నగ మొత్తంలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. దురద మొదలైతే వెంటనే తీసేయండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

మూడేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇంట్లో పూసలు, గుండీలు, రాళ్లు కింద వదిలేయొద్దు. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. వార్నిష్, స్ప్రే పెయింట్ పని కిటికీలు తెరిచి గానీ, బాల్కనీలో గానీ చేయాలి.

అమ్మాలనుకుంటున్నారా?

చేయి తిరిగాక చాలామంది ఇన్‌స్టాలో పేజీ పెట్టి అమ్మకాలు మొదలుపెడతారు. మంచిదే. కానీ ధర పెట్టేటప్పుడు మెటీరియల్ ఖర్చు ఒక్కటే లెక్కేయకండి. పాత గాజు ఫ్రీగా వచ్చింది కదా అని మీ రెండు గంటల పనిని కూడా ఫ్రీగా ఇచ్చేస్తే నాలుగు నెలలకే విసుగొస్తుంది. గ్లూ, దారం, హుక్, ప్యాకింగ్, కొరియర్‌తో పాటు మీ టైమ్‌కూ ఒక రేటు కట్టండి. దేనితో చేశారో, నీళ్లు తగలొచ్చో లేదో కొనేవాళ్లకు ముందే చెప్పండి.

రీలు దొరికితే ఏం చేయాలి?

చివరగా మళ్లీ సినిమా రీలు దగ్గరికే వద్దాం. థియేటర్లన్నీ డిజిటల్ అయిపోయాయి. పాత ఆఫీసులు, పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు గుండ్రటి డబ్బాల్లో రీళ్లు బయటపడటం ఫిల్మ్‌నగర్ లాంటి చోట వింతేం కాదు. వాటితో లాంప్ షేడ్, గాజులు, ఫొటో ఫ్రేమ్ చేసేయాలని అనిపించడం సహజం.

అలాంటి డబ్బా మీ చేతికొస్తే ముందు దాని మీద రాసున్న సినిమా పేరు, రీలు నంబర్ చూడండి. లేబుల్ ఫొటో తీసుకోండి. ఫిల్మ్‌ను లాగి చూడకండి, ఎండలో పెట్టకండి. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ అయితే నిప్పు తగిలితే భగ్గుమంటుంది, నీళ్లు పోసినా ఓ పట్టాన ఆరదు. అందుకే మరీ పాత రీళ్లను ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం. డబ్బా తెరవగానే వెనిగర్ లాంటి ఘాటు వాసన వస్తే ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం. అలాంటప్పుడు ఇంకా త్వరపడాలి.

1964లో మొదలైన పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఇలాంటి వాటిని భద్రపరిచే సంస్థ. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కూడా ఇదే పని చేస్తోంది. ఫిల్మ్ పరిరక్షణ మీద ఆ సంస్థ 2019 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోనే వర్క్‌షాప్ పెట్టింది. ముందు వాళ్లకు సమాచారం ఇవ్వండి. 'ఇది మా దగ్గర చాలా కాపీలున్నాయి, అక్కర్లేదు' అని వాళ్లు చెప్పాక గాజు చేసుకున్నా ఎవరూ ఏమీ అనరు.

అమ్మమ్మ చీరైనా, సినిమా రీలైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఇలాంటిది ఇంకొకటి దొరుకుతుందా? దొరుకుతుంది అంటే కత్తెర తీయండి. దొరకదు అంటే దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టేయండి. శుభలేఖలకు మాత్రం కొదవేం లేదు.. వచ్చే ముహూర్తాల సీజన్‌కు ఇంకో పాతిక వచ్చి పడతాయి!